పడేసిన మూడు రాజులు

శేషగిరిరావుకు పేకాటలో ఒక సిద్ధాంతం ఉంది. చేతిలో కొసరు డబ్బు మాత్రమే మిగిలినవాడితో ఒంటరిగా కూర్చోకూడదు. మాచర్లలో పురుగుమందుల షాపు పెట్టుకున్న మనిషికి సిద్ధాంతాలేమిటని నవ్వుకోవచ్చు గానీ, మూడుముక్కలాటలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ మాట ఊరు చెప్పేలోపు ఆయనే చెప్పేసేవాడు. పత్తికి మందు కొనడానికి వచ్చిన రైతు, డబ్బా చేతికి రావాలంటే ముందు ఒక ఆట కథ వినాల్సిందే.

"పదిమందిలో ఆడేటప్పుడు ధైర్యం పనిచేస్తది. పెద్ద పందెం కాశామనుకో, బుద్ధున్నోడు భయపడి ముక్కలు పడేసి, కాసింది వదులుకుంటాడు. జేబులో నాలుగు నోట్లే మిగిలినోడు ఎందుకు పడేస్తాడయ్యా? వాడు ఎట్టాగూ మునిగినోడే. ఉన్నదంతా తీసి బోర్డులో పెట్టి నీ మొహం చూస్తా కూర్చుంటాడు. ఇంక ఆడ నీ తెలివికి పనేముంది?"

అట్లాంటివాడు ఎదురుగా మిగిలితే ఆయన పైపంచె దులుపుకుని లేచిపోయేవాడు. ఇరవై ఏళ్ళుగా ఆ నియమం తప్పలేదు. పత్తిని తెల్లదోమ తినేసిన ఏడాది, ఒక మధ్యాహ్నం మాత్రం తప్పాడు.

ఆట జరిగేది జాన్ సాహెబ్ గోడౌనులో. స్టేషన్‌ను ఆనుకుని, ముందు తలుపు బజారు వైపు, వెనక తలుపు రైలుపట్టాల వైపు ఉన్న రేకుల కొట్టు అది. ఒకప్పుడు మిరపకాయ బస్తాలు వేసేవాళ్ళు. ఇప్పటికీ లోపలికి వెళితే తుమ్ము వస్తుంది. అక్కడ రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ముక్కలు పట్టుకుని చాప మీద కూర్చున్న మనిషి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. చాప మీద అప్పు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. డబ్బు అయిపోయినవాడు ముక్కలు దించి లేచిపోవాలి.

ఈ కట్టుబాట్లు ఊరికే రాలేదు. పూర్వం ఇక్కడే అప్పు దగ్గర మాటామాటా పెరిగి రెండు ముఠాలు బాకులు దూసుకున్నాయి. అడ్డం వెళ్ళిన జాన్ సాహెబ్ పెద్దకొడుకు మహబూబ్ పేగులు పట్టుకుని ఆ చాప మీదే పడిపోయాడు. నలభై రోజుల ఫాతెహా అయ్యాక ముసలాయన రెండు ముఠాల పెద్దలనూ పిలిచి, కొడుకు నెత్తురు మరకలున్న చాప మీద వాళ్ళ చేతులు పెట్టించి ప్రమాణం చేయించాడు. పల్నాడులో కోర్టు ఇచ్చిన స్టేను కాలరాసినవాళ్ళున్నారు గానీ, ఆ ప్రమాణాన్ని దాటినవాడు లేడు. దాటితే సొంత ముఠావాళ్ళే నరుకుతారు. ఆ చాప మీద వాళ్ళ మనుషులు కూడా కూర్చుంటారు కదా.

ఆ మధ్యాహ్నం ఐదుగురు ఆడుతున్నారు. బయట ఎక్కడో ఒక నాటుబాంబు పేలింది. రేకులు అదిరాయి. ఆడేవాళ్ళు ఒక్క క్షణం ఆగి, పెళ్ళి ఊరేగింపు కాదని నిర్ధారించుకుని, మళ్ళీ ముక్కల్లోకి చూశారు. అంతలో ముందు తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి పడ్డాడు.

అతను అంకారావు. గురజాల వైపు పల్లెలో ఒక ముఠా నాయకుడికి కుడిచెయ్యి. కోర్టు వాయిదాకు వెళ్ళి వస్తూ బస్సు దిగాడట. దిగీ దిగగానే అవతలి ముఠా మీదపడింది. వెంట ఉన్న బావమరిది మెడ మీద గొడ్డలి దెబ్బ తిని బస్సు చక్రం పక్కనే పోయాడు. అంకారావు భుజం తెగింది. కట్టుకున్న తువాలు నెత్తురుతో ముద్దయి, మోచేతి మీదుగా ఆగకుండా కారుతోంది.

"సాయిబు తాతా, నాకు ముక్కలెయ్యి" అన్నాడు, చాప మీద కూలబడుతూ.

జాన్ సాహెబ్ పేక కలిపి మూడు ముక్కలు అతని ముందు వేశాడు. అంకారావు వాటిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. తలుపు దగ్గరకు వచ్చిన మనుషులు గుమ్మం బయటే ఆగిపోయారు. వాళ్ళ ముందున్నవాడు పున్నారావు. చేతిలో గొడ్డలి, దాని అంచుకు ఇంకా తడి. అంకారావు చేతిలో ముక్కలు చూసి, పళ్ళు కొరికి, ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఒకణ్ణి వెనక పట్టాల వైపు పంపాడు.

లోపల ఆడుతున్న నలుగురు ఒక్కొక్కరే ముక్కలు దించి గోడ వారకు జరిగారు. వెళ్ళిపోయే ధైర్యం లేదు, ఆడే ధైర్యం అంతకంటే లేదు. చాప మీద మిగిలింది శేషగిరిరావు ఒక్కడే. ఆయన ముందు అప్పటిదాకా గెలిచిన నోట్లు కుప్పగా ఉన్నాయి. అంకారావు జేబులో చెయ్యి పెట్టి, నెత్తురంటిన కొన్ని పదులూ ఒక యాభై తీసి పరిచాడు. అదే అతని దగ్గర ఉన్నది.

సంగతి అందరికీ అర్థమైంది. సాయంత్రం గుంటూరు పాసింజరు వస్తే వెనక తలుపు ఎదురుగానే ఆగుతుంది. ప్లాట్‌ఫాం మీద జనం ఉంటారు, తుపాకులతో రైల్వే పోలీసులుంటారు. అందాకా అంకారావు చేతిలో ముక్కలుండాలి. ముక్కలుండాలంటే ముందు డబ్బుండాలి, ఎదురుగా ఆడేవాడొకడుండాలి. శేషగిరిరావు లేచిపోయినా అతను చచ్చినట్టే, వరసగా గెలిచినా చచ్చినట్టే.

శేషగిరిరావు అలవాటు కొద్దీ పైపంచె అందుకున్నాడు. సగం లేచాడు కూడా. అంకారావు ఆయన వంక చూశాడు గానీ కూర్చోమనలేదు. ఆ చూపులో అడుక్కోవడం లేదు. అది లేకపోవడమే శేషగిరిరావు కాళ్ళకు అడ్డం పడింది.

మూడేళ్ళ కిందట బజారులో ఒక హత్య జరిగిన రోజు కోపంతో ఊగిపోతున్న మంద ఒకటి షాపుల మీద పడింది. శేషగిరిరావు షట్టరు దించుకుని లోపల మందు డబ్బాల మధ్య కూర్చుని వణుకుతుంటే, షట్టరు కింది నుంచి కిరసనాయిలు పాయగా లోపలికి వచ్చింది. పురుగుమందు అంటుకుంటే మనిషి బూడిద కూడా దొరకదు. అప్పుడు బయట ఒక గొంతు వినిపించింది. "ఈ షాపు జోలికి పోబాకండిరా. పదండి." అది అంకారావు గొంతు. ఆ తర్వాత అతను షాపు ముందు నుంచి ఎన్నోసార్లు నడిచి వెళ్ళాడు. శేషగిరిరావు ఒక్కసారి కూడా పిలిచి ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆ ముఠా మనిషని పేరు పడుతుందని భయం. ఆ భయానికి సిగ్గుపడుతూనే మూడేళ్ళు గడిపాడు.

పైపంచె పక్కన పెట్టి కూర్చున్నాడు.

"పది రూపాయల బోర్డు" అన్నాడు జాన్ సాహెబ్. ప్రతి ఆటకు ఒక్కొక్కరూ నడుమ పెట్టాల్సింది అది, అంతకంటే తక్కువ అక్కడ లేదు.

మొదటి ఆటలో శేషగిరిరావు చేసిన పని తల్చుకుంటే కోపమొస్తుంది. ముక్కలెత్తి చూశాడు. రెండు రాణులు, ఒక ఆసు. చెయ్యి దానంతటదే ముందుకు పోయి యాభై కాసింది. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, దానికి ఎదుటివాడి భుజం మీద నెత్తురు కనపడదు. అంకారావు తన యాభై తోసి "షో" అన్నాడు. ముక్కలు పరిచారు. అతని దగ్గర ఏమీ లేదు.

అంకారావు డబ్బు సగానికి పైగా పోయింది. జాన్ సాహెబ్ ముక్కలు పోగు చేస్తూ శేషగిరిరావు మొహంలోకి చూశాడు. కొడుకు శవాన్ని చూసిన కళ్ళు అవి. శేషగిరిరావుకు ఎవరో తన చేతికి గొడ్డలి ఇచ్చి, తాను తెలియక ఊపినట్టు అనిపించింది.

రెండో ఆటలో ముక్కలు చూసి, చూడనట్టే పడేశాడు. మూడో ఆటలో జోడీ వచ్చినా పడేశాడు. పడేసిన ముక్కలు బోర్లా పెట్టడం ఆట మర్యాద. ఏముందో ఎవరికీ తెలియదు, అడగకూడదు. మధ్యలో అనుమానం రాకుండా పందెం కాసి, కాసేపు పోరాడినట్టు నటించి, ఆఖర్న తల అడ్డంగా ఊపి పడేసేవాడు. గెలవడం తెలిసినవాడికి ఓడిపోవడం ఇంత కష్టమని ఆయనకు అంతవరకు తెలియదు. ఒక్కోసారి అంకారావే భయపడి ముందు పడేయబోయేవాడు. అప్పుడు శేషగిరిరావు తొందరగా తన ముక్కలు పడేయాల్సి వచ్చేది.

అంకారావు ముందు నోట్లు పెరిగాయి. వాటితో పాటు మనిషిలో ఏదో మార్పు వచ్చింది. పాలిపోయిన మొహంలోకి కాస్త రంగు తిరిగింది. బావమరిది శవాన్ని వదిలి వచ్చిన మనిషి, ముక్కలు ఒక్కొక్కటే జరిపి చూస్తూ పెదవి తడుపుకుంటున్నాడు. కారే నెత్తురును తువాలుతో అద్దుకుంటున్నాడు గానీ ఆ సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు.

పున్నారావు గుమ్మం దాకా వచ్చాడు. గొడ్డలి బయట గోడకు ఆనించి, ఖాళీ చేతులతో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఎంతసేపు షావుకారూ? నాలుగు నోట్లు లాగటానికి ఇంతసేపా నీకు?"

"ముక్కలు పడటంలా" అన్నాడు శేషగిరిరావు, తల ఎత్తకుండా.

"పడతయ్ లే. తొందరగా తేల్చు. బండొచ్చే ఏళవతంది." అంకారావు వైపు తిరిగి, "ఒరేయ్, నీ బావమరిది మీద ఈగలు ముసురుతన్నయ్. కప్పేవాడు కూడా లేడు" అన్నాడు.

అంకారావు చేతిలో ముక్కలు వంగాయి. కానీ లేవలేదు. "ఆడనీ సాయిబు తాతా" అన్నాడు. పున్నారావు గుమ్మం మీద ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

గోడ వారన కూర్చున్నవాళ్ళలో రెండు ముఠాల పల్లెలవాళ్ళూ ఉన్నారు. భయం కొంచెం పాతబడ్డాక వాళ్ళు ఆట చూడటం మొదలుపెట్టారు. పల్నాడులో మనిషి చావు పక్కన కూర్చుని కూడా పందెం చూస్తాడు. ఒకడు గొణిగాడు. "షావుకారుకి ఇయ్యాల గుండె జారిందిరా." ఇంకొకడు నవ్వాడు. "పెద్ద ఆటగాడు, పెద్ద ఆటగాడు అంటిరి. అంతా మాటలేనన్నమాట."

శేషగిరిరావు చెవులు కాలాయి. ఒక మనిషి ప్రాణం కాపాడుతున్నానని లోపల్లోపల చెప్పుకున్నాడు. అది నిజమే. కానీ ఆ మాట పైకి అనడానికి లేదు. ఈ నలుగురూ రేపు షాపుకొస్తారు. ఊరంతా చెబుతారు. ఇన్నేళ్ళ పేరు ఒక మధ్యాహ్నంలో పోతుంది. ఇంత మంచిపని చేస్తూ ఇంత చిన్న సంగతికి బాధపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినంత మాత్రాన బాధ తగ్గలేదు.

దూరంగా రైలు కూత వినిపించింది. ఇంకా చాలా దూరం. అందరూ విన్నారు. జాన్ సాహెబ్ ముక్కలు పంచాడు. ఇది అయ్యేసరికి బండి సిగ్నల్ దగ్గర ఉంటుంది. ఇంకో ఆట, మహా అయితే రెండు.

శేషగిరిరావు ముక్కలెత్తాడు. మొదటిది ఇస్పేటు రాజు. రెండోది ఆఠీను రాజు. మూడోది మెల్లగా జరిపాడు. కళావరు రాజు.

మూడూ ఒకటే పడటాన్ని మించిన చెయ్యి ఆ ఆటలో లేదు. జన్మలో అది ఆయనకు ఎప్పుడూ పడలేదు. పడిందని చెప్పిన కథలన్నీ అబద్ధాలు. రైతులకు మందు డబ్బాతో పాటు అమ్మిన అబద్ధాలు. ఇప్పుడు నిజంగా, నాలుగు వేళ్ళ మధ్య, ముగ్గురు రాజులు తననే చూస్తున్నారు. ఎదురుగా అంకారావు ఉత్సాహంగా ఉన్నదంతా తీసి బోర్డులోకి తోశాడు.

"మొత్తం. రా షావుకారూ."

శేషగిరిరావు అంత సొమ్మూ కాసి షో అంటే ఆట అయిపోతుంది. మనిషి కూడా అయిపోతాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూడు ముక్కల్నీ బోర్లా చాప మీద పెట్టి, "పడేశా" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పుకోవాల్సిన పనే లేదు.

అంకారావు నవ్వాడు. ఆ రోజు అతను నవ్వడం అదే మొదటిసారి. బోర్డులో నోట్లు ఒక్క చేత్తో దగ్గరకు లాక్కుంటూ, చావు తప్పిపోతోందన్న తేలికతో, పాపం, ఒక్క మాట అన్నాడు.

"ఏంది షావుకారూ, ముసలోడివైపోయావా? ఈ ఎర్ర నోట్లు చూసి దడుచుకున్నావా? నా దగ్గరుంది వట్టి పదో నంబరు జోడీ."

గోడ వారన అందరూ పెద్దగా నవ్వారు.

శేషగిరిరావు చెయ్యి మళ్ళీ దానంతటదే పోయింది. ముక్కల్ని తిప్పి చాప మీద పరిచింది. ముగ్గురు రాజులూ వరసగా వెల్లకిలా పడ్డారు.

"నేను దడుచుకున్నానంటావా? చూడు ఏం పడేశానో."

నవ్వు ఆగిపోయింది. చూసేవాళ్ళు మెడలు చాచారు. జాన్ సాహెబ్ గబగబా ఆ ముక్కల మీద అరచెయ్యి కప్పాడు గానీ అప్పటికే అందరూ చూసేశారు. అంకారావు కూడా చూశాడు. అతని మొహంలోకి వచ్చిన రంగు మెల్లగా దిగిపోయింది.

"ఎన్ని ఆటల నించి?" అన్నాడు.

శేషగిరిరావు పైపంచె కోసం చాప మీద తడుముకున్నాడు.

"ఎన్ని ఆటల నించి పడేస్తన్నావ్ షావుకారూ? అన్నీనా? నేనే గెలుస్తన్నాననుకున్నా. పొద్దుట్నించి నాకు జరిగిన మంచి ఇదొక్కటే అనుకున్నా."

"అంకారావూ, బండొస్తంది. కూర్చో నాయనా. ముక్కలు తీసుకో" అన్నాడు జాన్ సాహెబ్.

అంకారావు గోడ వారన ఉన్నవాళ్ళను చూశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. ఇద్దరు అవతలి పల్లెవాళ్ళు, ఒకడు తమ వాడు. "రేపు వీళ్ళు చెప్తారు తాతా. ఆడ బావమరిది తెగిపడి ఉంటే, అంకారావు షావుకారు దగ్గర ముక్కలు అడుక్కుని బతికాడని చెప్తారు. నా కొడుకు ఆ మాట వింటా పెరగాలా?"

శేషగిరిరావు అతని చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళకు వెచ్చగా నెత్తురు అంటింది. "మూడేళ్ళ కింద నా షాపు తగలబడకుండా చేశావు. దానికి చేశానయ్యా ఇది. భిక్ష కాదు. దేవుడి మీద ఒట్టు."

అంకారావు గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. "ఆ షాపు నీదా? షట్టరేసుంది. లోపల మనిషున్నట్టు కూడా నాకు తెలవదు." చెయ్యి విడిపించుకున్నాడు. "నేను ఎవరికీ చూపించటానికి చెయ్యలా."

ముందున్న నోట్లన్నీ శేషగిరిరావు ఒళ్ళోకి తోశాడు. లేచాడు. వెనక తలుపు వైపు వెళ్ళలేదు, ముందు తలుపు వైపు నడిచాడు. కట్టు విప్పిన తువాలును చేతికి చుట్టుకుంటూ గుమ్మం దాటాడు.

"పున్నారావూ, అయిపోయింది ఆట" అన్నాడు.

మొదటి దెబ్బ చప్పుడు కట్టె చీల్చినట్టు వినిపించింది. అంకారావు పడిపోలేదు. ఒకణ్ణి గొంతు పట్టుకుని టీ కొట్టు గంగాళం మీదికి తోశాడు. మరిగే నీళ్ళు పడి వాడు కేకలు పెట్టాడు. రెండో దెబ్బ మెడ మీద, మూడోది మోకాళ్ళ వెనక. కింద పడ్డాక కూడా ఆపలేదు. రేకుల గోడ మీద నెత్తురు చినుకులు పడ్డ చప్పుడు లోపలున్నవాళ్ళకు స్పష్టంగా వినిపించింది. శేషగిరిరావు చెవులు మూసుకోలేదు. మూసుకునే హక్కు తనకు లేదనిపించింది. ఒళ్ళోని నోట్లు చాప మీదికి జారిపోతుంటే కదలకుండా కూర్చున్నాడు.

వెనక పాసింజరు వచ్చి ఆగింది. జనం దిగారు. శనక్కాయలవాడు కేకేశాడు. తుపాకులు భుజాన వేసుకుని ఇద్దరు పోలీసులు ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ నడిచారు. వెనక తలుపు సందులోంచి అదంతా కనపడుతూనే ఉంది.

పున్నారావు గుమ్మం దగ్గరకు వచ్చాడు. మొహం నిండా చినుకులు. గొడ్డలి ఈసారి కూడా బయటే పెట్టి, లోపలికి చూసి, మర్యాదగా అన్నాడు.

"నీ మేలు మర్చిపోం షావుకారూ. ఇంక మావాళ్ళెవరూ నీ షాపు జోలికి రారు."

జాన్ సాహెబ్ ఆ రాత్రే చాప చుట్టేశాడు. ఆ గోడౌనులో మళ్ళీ ఆట జరగలేదు.

పోలీసులు వచ్చి పోయాక, నాలుగు రోజులకు శేషగిరిరావు షాపు తెరిచాడు. పక్క పల్లె నుంచి వచ్చిన రైతు ఒకడు తెల్లదోమ మందు అడిగాడు. డబ్బా చేతికి తీసుకుని కూడా కదల్లేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయ్యా, ఊరంతా అనుకుంటన్నారు. నిజంగా మూడు రాజులేనా తమరు పడేసింది?"

శేషగిరిరావు చిల్లర లెక్కపెట్టడం ఆపాడు. గోళ్ళ సందుల్లో నెత్తురు పోయి నాలుగు రోజులైంది, అయినా చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"అవును" అన్నాడు. "ఇస్పేటు, ఆఠీను, కళావరు."

అంటున్నప్పుడు గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది. రైతు దాన్ని గమనించాడో లేదో గానీ, ఆయన చెవులకు మాత్రం వినిపించింది. ఆయన గల్లాపెట్టె మీద తల వాల్చి ఏడ్చాడు. రైతు ఏం చేయాలో తోచక, డబ్బా సంచిలో వేసుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.